తొమ్మిదో భాగం

పన్నెండు భాగాల పుస్తకంలో తొమ్మిదో భాగం దాకా వచ్చిన మనిషి అవస్థ మీకెప్పుడైనా అనుభవమైందా? వెనక్కి పోలేం, ముందు చూస్తే ఇంకా మూడున్నాయి. పెళ్ళి విస్తట్లో నాలుగో ఓళిగ పడ్డట్టుంటుంది. వద్దనడానికి మొహమాటం, తినడానికి చోటు లేదు.

నా విస్తట్లో పడింది కాశీమజిలీ కథలు. రాసినవారు మధిర సుబ్బన్న దీక్షితులుగారు, 1928లో కాలం చేశారు. మణిసిద్ధుడనే ఆయన కాశీకి బయల్దేరుతూ తోడుకోసం ఒక గొల్లపిల్లవాణ్ణి అడుగుతాడు. వాడు ఊరికే వస్తాడా? మజిలీ మజిలీకీ తనకు వింతగా కనిపించినదాని కథ చెప్పాలి, చెప్పకపోతే అక్కణ్ణించే ఇంటికి తిరిగిపోతానంటాడు. పాపం ఆయన ఒప్పుకున్నాడు. ఆయన దగ్గర ఒక మణి ఉంది, అందులో చూస్తే ఏ కథైనా తెలిసిపోతుంది. నాలాంటి నవలలు రాసేవాళ్ళు కడుపు మండి చదవాల్సిన సంగతి ఇదొక్కటే!

ఇంతకీ ఈ వయసులో నాకీ పారాయణమేమిటంటే, మా నాయన. అవుకులో ఉంటాడు. ముప్ఫై ఏళ్ళు నాపరాళ్ల వ్యాపారుల దగ్గర లెక్కలు రాసిన మనిషి. పోయిన సంక్రాంతి తర్వాత పక్షవాతం చిన్నగా తాకి వెళ్ళింది. ఎడమకాలు ఈడుస్తాడు, అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయట. రోజూ నడవకపోతే ఆ కాలు ఇక పనికిరాదని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. నాయన మంచం దిగడు. చేతికర్రతో ఊళ్ళోవాళ్ళ కంట పడ్డం నామోషీ. అమ్మ ఏడ్చింది, నేను అరిచాను. పదిరోజులకని హైదరాబాదు నుంచి వచ్చినదాన్ని రెండో నెలలో పడ్డాను.

ఒకరోజు బీరువా దులుపుతుంటే కాశీమజిలీలు బయటపడ్డాయి. చిన్నప్పుడు మిద్దెమీద పడుకోబెట్టి నాకు చదివి వినిపించినవే. నాయన అట్టలు తడిమి చూసి, "తొమ్మిదో దాంట్లో ఆపేసినాము పాపా. నీకు పరీక్షలొచ్చినాయి," అన్నాడు. పొద్దున తిన్నదేమిటో చెప్పలేని మనిషికి ఇది జ్ఞాపకం!

"అయితే నడుస్తూ చెప్తాను. నువ్వు నిలబడితే కథా నిలబడుతుంది," అన్నాను.

"కతకోసరం నడిచేది వాడు గదా?" అన్నాడు.

"ఇక్కడ వాడివి నువ్వే నాయనా."

మొదటిరోజు వాకిలి దాకా. వారానికి వీధిచివర అంగడి దాకా. పుస్తకం పట్టుకుని నడవలేను గనుక రాత్రి చదివి పొద్దున చెప్పేదాన్ని. చదవడం మాత్రం, నిజం చెప్తున్నా, ఇసుకలో బండి లాగినట్టే ఉండేది. మజిలీల లెక్క ఎప్పుడో వంద దాటింది. కథలో మనిషి ఇంకో కథ ఎత్తుకుంటాడు, ఆ కథలోవాడు మరొకటి. రాజకుమార్తెలందరికీ ఒకటే మొహం. గ్రాంథికం సరేసరి, బి.ఏ. తెలుగు నన్నక్కడ ఆదుకోలేదు. మొదట్లో విసుక్కున్నాను, తర్వాత సిగ్గేసింది. ఒకసారి ఓ పత్రికవారు నా సీరియల్‌ని మరో పదివారాలు సాగదీయమంటే, హీరోయిన్‌కి టైఫాయిడ్ తెప్పించినదాన్ని నేను! దీక్షితులుగారు నయం, టైఫాయిడ్‌కి బదులు ఇంకో రాజ్యం తెస్తారు. ఆ కథల్లోంచే కదా 1951లో 'పాతాళభైరవి' సినిమా పుట్టింది! పక్కనే ఉన్న బెలుం గుహల్లో పాతాళగంగ దాకా దిగినప్పుడు నాకు దేవుడు జ్ఞాపకం రాలేదు, నేపాళ మాంత్రికుడు వచ్చాడు.

నాయనకివేవీ పట్టవు. వెనక భాగాలన్నీ మర్చిపోయినా ఆయనకు లోటు కనిపించలేదు. మజిలీల లెక్క మాత్రం తప్పేవాడు కాదు. ఒకరోజు నిద్రొచ్చి నేను రెండు మజిలీలు మింగేస్తే, "నడిమధ్య రెండు యాడికి పోయినాయి?" అని నిలదీశాడు. ఎడమకాలు మోపనని అక్కడే కూర్చున్నాడు, రోడ్డు పక్కన నాపరాయి మీద. ఇంటికి పరిగెత్తి పుస్తకం తెచ్చి చదివాకే లేచాడు.

మొన్న రిజర్వాయరు కట్ట దాకా వెళ్ళాం. ఆటోలో కొంతదూరం, మిగతాది నడక. శ్రీశైలం నీళ్ళొచ్చి అంత రిజర్వాయరైనా ఆయనకది ఇప్పటికీ చెరువే. అప్పటికి తొమ్మిదో భాగంలో నా దగ్గరున్న సరుకు అయిపోయింది. పదోది ఇంకా విప్పలేదు.

కట్టమీద ఒంటికాలి మీద ఒక కొంగ.

"దాని కతేంది?" అన్నాడు నాయన.

నా దగ్గర మణి లేదు. ఒక రాజు శాపమన్నాను, ఒక కాలు చెల్లెలికి అప్పిచ్చాడన్నాను, నోటికొచ్చిందల్లా అన్నాను. విన్నాడు.

"ఇది పుస్తకంలో లేదు గదా?"

"లేదు."

"ఊఁ. ఆ చెల్లెలు కాలు తిరిగిచ్చిందా, లేదా?" అంటూ కర్ర ముందుకు వేశాడు.