తుమ్మెద వాటా

మా రామంతాపూర్ ఇంట్లో ప్రహరీ పక్కన మూడడుగుల వెడల్పున కాస్త మట్టి మిగిలింది. అందరూ గులాబీలు పెట్టమన్నారు. నేను తంగేడు పెట్టాను.

"రోడ్డు పక్కన మొలిచే చెట్టుని ఎవరైనా పెంచుకుంటారా?" అని మావారు నవ్వారు. అది మొలవడానికి రోడ్డు పక్కన మట్టి ఏదీ ఇప్పుడు? నా చిన్నప్పుడు తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్ వైపు వెళ్తుంటే ఖాళీ జాగాల్లో తంగేడు పొదలే. 2014లో రాష్ట్ర పుష్పం అయింది. మనం మాత్రం బతుకమ్మకి కట్టలు కొనుక్కుంటున్నాం.

పెంచడం తేలికే. గింజ పెంకు గట్టిది కాబట్టి వేడినీళ్ళలో వేసి, రాత్రంతా నానబెట్టి నాటాను. ఎండ బాగా తగలాలి, మొదట్లో నీళ్ళు నిలవకూడదు. రెండో ఏడు పూసింది. నల్ల తుమ్మెదలు వచ్చాయి.

బీఏలో చదివిన పద్యాల్లో తుమ్మెద అంటే తేనె తాగి పాడుకునే రసికుడు. తంగేడు పువ్వులో తేనె ఉండదండీ! ఉన్నదల్లా పుప్పొడే. అదీ గొట్టాల్లాంటి కేసరాల్లో, కొసన సన్నటి రంధ్రం వెనక. తుమ్మెద పువ్వుని గట్టిగా పట్టుకుని ఒళ్ళు అదిరిస్తే, జల్లెడలోంచి పిండిలా రాలుతుంది. తేనెటీగలకి ఈ విద్య రాదు. ఆ పుప్పొడి పిల్లల కోసం మోసుకెళ్ళేది ఆడ తుమ్మెద. మనం పాట అనుకున్నది ఆవిడ పని చప్పుడు, మన మిక్సీ మోతలాగా.

తర్వాత ఆకుల మీద పచ్చటి గొంగళి పురుగులు కనిపించాయి. "మందు కొట్టియ్యరాదే" అంది అత్తమ్మ. మందు కొడితే తుమ్మెదలూ పోతాయని ఆగమన్నాను. ఆకులు సగం పోయాయి, కొన్నాళ్ళకి మళ్ళీ చిగురించాయి. ఈలోగా పెరట్లో లేతరంగు సీతాకోకచిలుకలు తిరిగాయి.

అసలు పేచీ బతుకమ్మకి వచ్చింది. "ఇంట్ల చెట్టు పెట్టుకొని బజార్ల కొంటమా?" అంది అత్తమ్మ. ఆవిడ మాటా నిజమే. కానీ తొమ్మిది రోజులూ ఉన్నవన్నీ తెంపితే తుమ్మెదకేం మిగులుతుంది? కోసిన పువ్వు కాయ కాదు కదా. చివరికి చేతికందే కొమ్మలు గౌరమ్మకి, పై కొమ్మలు తుమ్మెదకి అని పంచుకున్నాం. తక్కువ పడ్డ వరసల్లో గునుగు, బంతి పేర్చాం.

చలికాలానికి పై కొమ్మల కాయలు ఎండాయి. అత్తమ్మే గింజలు ఒలిచి, చిన్న చిన్న పొట్లాలు కట్టి వీధిలో పంచింది. "వేడినీళ్ళల్ల నానెయ్యండి. మీదికొమ్మల పూలు మాత్రం తెంపకుండ్రి" అని అందరికీ చెప్తోంది.