కొలత ఒకటే, వస్తువు ఒకటి కాదు



పోయిన ఆదివారం కూటంలో కాఫీ తాగేటప్పుడు ఒక పెద్దాయన అడిగినారు, "అమెరికాలో తూటాలు ఇంట్లోనే చేసుకుంటారంటనే, మీరు చూసినారా?" అని. చూసినాము. కానీ నిలబడి రెండు మాటల్లో చెప్పేది కాదు గనుక ఇక్కడ రాస్తున్నాము. ముందే చెప్పేస్తాము, మన దేశంలో ఇది చేసే పని కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేస్తే జైలే. అక్కడ అది చాలామందికి వారాంతపు సరదా, మన ఇండ్లలో కుట్టుమిషను ఉన్నట్టు.

2022లో మేమిద్దరం టెక్సాస్‌లో కూతురింట్లో కొన్ని నెలలు ఉంటిమి. అల్లుడికి అప్పటికే పౌరసత్వం వచ్చింది. (వీసా మీద ఉన్న మన పిల్లలకు అక్కడ తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం సాధారణంగా నిషేధం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. స్నేహితుడి తుపాకి పట్టుకొని ఫోటో పెట్టే పిల్లలు ఇది తెలుసుకోవాలి.) గరాజులో బల్ల, దానికి బిగించిన చేతి ప్రెస్సు, పక్కన చిన్న త్రాసు. నేర్పింది ఎదురింటి పెద్దాయన. డెబ్బై దాటినవాడు, లేత్ పని చేసి రిటైరయినవాడు.

తూటాకు నాలుగు భాగాలు. ఇత్తడి డొల్ల, అడుగున ప్రైమరు, లోపల మందు, ముందు గుండు. పేలిన తరువాత డొల్ల మిగులుతుంది, దాన్ని కడిగి సరిచేసి మళ్ళీ వాడతారు. మిగతా మూడూ ప్రతిసారీ కొత్తవి కావాల్సిందే. ప్రైమరు అంటే మాకు తెలిసింది గోడకు సున్నం ముందు కొట్టేదే! ఇది పెసరగింజంత లోహపు గిన్నె. అందులో లెడ్ స్టిఫ్నేట్ అనే రసాయనపు మిశ్రమం. తుపాకి సూది వచ్చి కొడితే గిన్నె నొక్కుకొని నిప్పు పుడుతుంది, ఆ నిప్పు చిన్న రంధ్రం గుండా మందుకు అంటుకుంటుంది. ఇది ఇంట్లో తయారు చేసుకునేది కాదు.

2020లో కరోనా వచ్చి జనం తుపాకుల కోసం ఎగబడినారు. అదే ఏడాది రెమింగ్టన్ కంపెనీ దివాలా తీసింది. ఆ దేశంలో ప్రైమరు చేసే కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళకు తమ సొంత తూటాలకే ముందు కావాలి గదా. వెయ్యి ప్రైమర్ల కట్టను వాళ్ళు ఇటుక అంటారు. ముప్పై నలభై డాలర్లకు దొరికిన ఇటుక వంద దాటిందని అల్లుడు చెప్పినాడు. మనిషికి ఒకటే అని అంగడి తలుపు మీద చీటీ. మా ఇంటావిడ ఆ చీటీ చూసి, "మన రేషను కడ మాదిరే ఉందే" అన్నది.

ప్రైమర్లలో చిన్నవి, పెద్దవి. మళ్ళీ పిస్తోలువి, రైఫిలువి. వాటిలో మామూలువి, మాగ్నంవి. చిన్నదాని వ్యాసం 0.175 ఇంచి, పెద్దదాని వ్యాసం 0.210. ఒకరోజు అల్లుడు సంతోషంగా ఇంటికి వచ్చినాడు, చిన్న పిస్తోలు ప్రైమర్లు ఒక ఇటుక దొరికిందని. ఆయన దగ్గర ఉన్నదేమో .223 రైఫిలు. "కొలత ఒకటే మామా, గుంటలో సరిగ్గా కూర్చుంటుంది" అన్నాడు.

ఆ మాట వినగానే మాకు పొన్మలై స్టోర్సు డిపో గుర్తుకొచ్చింది. అక్కడ గుమస్తాలుగా మేము ఎన్నిసార్లు విన్నామో ఆ మాట! ఇండెంటు వస్తుంది, అడిగిన సామాను స్టాకు లేదు, పక్క అరలో అచ్చు అలాంటిదే ఉంటుంది. బ్రేకు బ్లాకులనే తీసుకోండి. పాతకాలపు పోత ఇనుము బ్లాకు బదులు కంపోజిషన్ బ్లాకు వచ్చింది. దానిలో ఎల్ రకం, కె రకం. ఎల్ రకానికి రాపిడి తక్కువ, పోత ఇనుము ఉన్నచోట పెట్టడానికే చేసింది. కె రకానికి రాపిడి ఎక్కువ, దానికి తగ్గట్టు బ్రేకు బలం అమర్చిన బండికే అది. చూపుకు రెండూ అన్నదమ్ములే. తప్పు బండికి తప్పుది బిగిస్తే చక్రం పట్టేసి పట్టాల మీద జారి అరిగిపోతుంది, లేదా బండి ఆగాల్సిన చోట ఆగదు. అందుకే స్టాకు లేకపోతే లేదని రాసి పంపడమే గుమస్తా పని. బదులు ఏది ఇవ్వాలో ఇంజనీరు సంతకం పెట్టి చెప్పాలి.

"దీనికి సంతకం ఎవరు పెట్టినారు నాయనా?" అని అడిగినాము. కూతురు మా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అల్లుడింట్లో కూర్చొని అల్లుణ్ణి ప్రశ్నించడం మన మర్యాద కాదు, అది మాకూ తెలుసు. మా ఇంటావిడ కాలు తొక్కింది కూడా. కానీ పక్కన ఆరేళ్ళ మనవడు ఆ డొల్లలతో ఆడుకుంటున్నాడు. ఊరుకోలేకపోయినాము.

అల్లుడు మంచివాడు, కోపగించుకోలేదు. ఎదురింటాయన్ను పిలిచినాడు. ఆయన చెప్పింది మాకు అల్లుడు తెలుగులో చెప్పినాడు. చిన్న పిస్తోలు ప్రైమరు, చిన్న రైఫిలు ప్రైమరు బయటి కొలత ఒకటే, నిజమే. గిన్నె మందంలో తేడా, ఇంచిలో వెయ్యింట కొన్ని వంతులే. కానీ 9 మి.మీ. పిస్తోలు తూటాలో పీడనం చదరపు ఇంచికి 35,000 పౌండ్లకు మించకూడదని లెక్క అయితే, .223లో ఆ హద్దు 55,000. పలుచని గిన్నె అంత పీడనానికి చిల్లు పడితే వేడి గాలి వెనక్కి, కాల్చేవాడి ముఖం వైపు వస్తుంది. తిరగేసి, రైఫిలు ప్రైమరు పిస్తోలులో పెడితే? గిన్నె గట్టిది గనుక మెత్తని స్ప్రింగు ఉన్న పిస్తోలులో పేలకపోవచ్చు, పేలితే నిప్పు ఎక్కువై పీడనం పెరగవచ్చు. కొందరు అలా వాడతారు, కానీ మందు తగ్గించి, పుస్తకం చూసి మెల్లగా పెంచుకుంటూ పోతారు. పెద్దవాటిలో ఆ మార్పు అసలు పనికిరాదు. పెద్ద రైఫిలు ప్రైమరు పిస్తోలుదానికన్నా ఇంచిలో వెయ్యింట ఎనిమిది వంతులు ఎత్తు. పిస్తోలు డొల్లలో పెడితే అడుగున పైకి తేలి ఉంటుంది, తుపాకి మూసేటప్పుడే పేలే ప్రమాదం. మామూలుది తీసి మాగ్నం పెట్టినా మందు లెక్క మొదటినుంచి వేయాలన్నాడు. ఆయన దగ్గర నూనె మరకల పాత పుస్తకం ఒకటి ఉంది. ఏ భాగం మార్చినా తక్కువ మందుతో మొదలుపెట్టమని అందులో ఉందట.

చివరకు ఆ ఇటుక ఎదురింటాయనే తీసుకున్నాడు, ఆయనకు 9 మి.మీ. పిస్తోలు ఉంది. బదులుగా తన దగ్గరున్న చిన్న రైఫిలు ప్రైమర్లు నాలుగు వందలు ఇచ్చినాడు. వెయ్యికి నాలుగు వందలేమిటి? మిగతా ఆరు వందల లెక్క ఏమైందని అల్లుణ్ణి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. గుమస్తాగా బతికిన మాకు అది నేటికీ మింగుడు పడలేదు.

తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దేటప్పుడు మా ఇంటావిడ చేతిసంచి పక్క అరలో ఇత్తడి డొల్ల ఒకటి దొరికింది. తాతకు గుర్తుగా మనవడు పెట్టినాడట. ఖాళీదే. అయినా మన విమానాశ్రయంలో స్కానింగులో కనబడితే పక్కకు పిలిచి విచారిస్తారు, నిజమైన తూటా అయితే ఆయుధాల చట్టం కిందే కేసు. వాడికి చెప్పి బల్ల మీద పెట్టించినాము. పిల్లల దగ్గరికి వెళ్ళి వచ్చే మన సంఘంవాళ్ళు సంచుల అరలు ఒకసారి తడిమి చూసుకోండి.