కారే ట్యాంకీకి చిరునామా... పుత్లీబౌలి!

బండి కింద తడి. చుట్టూ పెట్రోలు వాసన. కాక్ మూసి చూశారు... ఆగలేదు. పైపు మార్పించారు... ఆగలేదు. వీధి చివరి మెకానిక్ ట్యాంకు అడుగున చెయ్యి పెట్టి, వేళ్లు వాసన చూసి, 'ఇది మన దగ్గర కాదు సార్, కోఠీ తీసుకెళ్లండి' అన్నాడంటే హైదరాబాద్‌లో దానర్థం ఒక్కటే. మీ బండికి పుత్లీబౌలి యాత్ర రాసిపెట్టి ఉంది!

బొమ్మల బావి దారిలో...

కోఠీ నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఒకవైపు పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఉంది. మరోవైపు గౌలిగూడ. ఆ రెంటికీ నడుమ పుత్లీబౌలి. పుత్లీ అంటే బొమ్మ, బౌలి అంటే మెట్లబావి. బొమ్మా బావీ మాటెలా ఉన్నా, ఇవాళ అక్కడ కంటికి కనిపించేవి మాత్రం తోరణాల్లా వేలాడే క్లచ్ కేబుళ్లు, గోడకు ఆనించిన సైలెన్సర్లు, సీటూ ట్యాంకూ ఊడదీసి అస్థిపంజరాల్లా నిలబెట్టిన మోటారు సైకిళ్లు. సుత్తి చప్పుడు, ఇంజిన్ రేస్ చేసే చప్పుడు, వాటి మీద నుంచి అరిచి బేరమాడే గొంతులు.

ఈ వీధి భాష సగం తెలుగు, సగం దక్కనీ ఉర్దూ. ట్యాంకు ఇక్కడ 'ట్యాంకీ' అవుతుంది. తుప్పు 'జంగు' అవుతుంది. చెయ్యి తిరిగిన మేస్త్రీ ఎవరైనా 'ఉస్తాద్' అవుతాడు. కారే ట్యాంకీ చేతికిస్తే మంచి ఉస్తాద్ ముందుగా పానా పట్టడు. ప్రశ్నలు వేస్తాడు. బండి నడుస్తున్నప్పుడు కారుతోందా, నిలిపినప్పుడా? సైడ్ స్టాండ్ మీదా, సెంటర్ స్టాండ్ మీదా? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడేనా, ఎప్పుడూనా? డాక్టరు నాడి పట్టినట్టే!

తడి ఒకచోట, చిల్లు ఒకచోట

ఎందుకంటే పెట్రోలు కారిన చోటే కనపడదు. నీళ్లకంటే పలుచన కదా, సన్నటి సందు దొరికితే చాలు పాకుతుంది. ట్యాంకు ముందు భాగంలో చిల్లు పడినా, అంచు వెంట జారి వెనక్కొచ్చి చుక్క కడుతుంది. అసలు సగం సందర్భాల్లో తప్పు ట్యాంకుది కానేకాదు. కాక్‌లోని రబ్బరు రింగు గట్టిపడి ఉంటుంది. లేదంటే పైపు బీటలిచ్చి ఉంటుంది. కార్బురేటర్‌లో నీడిల్ సరిగా కూర్చోకపోతే పెట్రోలు పొంగి కిందికి కారుతుంది. ఇంజెక్షన్ బండ్లయితే ట్యాంకు అడుగున పంపు బిగించే చోట ఉండే గాస్కెట్‌ను అనుమానించాలి. మూత దగ్గరి రబ్బరు పోతే నిండుగా కొట్టించిన రోజే వాసన వస్తుంది.

అందుకే చెప్పే పద్ధతి చాలా పాతది. ట్యాంకును గుడ్డతో శుభ్రంగా తుడిచి ఆరబెడతారు. సుద్దపొడి పూస్తారు. కాసేపాగి చూస్తే తెల్లటి పొడి మీద తడి గీత! దాని పై కొస ఎక్కడుందో చిల్లు అక్కడే. అదీ తేలకపోతే ట్యాంకును విప్పి, ఖాళీ చేసి, కడిగి, రంధ్రాలన్నీ మూసి కొద్దిగా గాలి కొట్టి సబ్బు నీళ్లు పూస్తారు. బుడగ లేచిన చోట సున్నం బొట్టు. గాలి రెండు మూడు పీఎస్ఐ మించకూడదు. టైరుకు కొట్టినట్టు పాతికా ముప్ఫై కొడితే ట్యాంకు బూరెలా ఉబ్బిపోతుంది!

రోగం లోపల్నుంచే

పైన రంగు నిగనిగలాడుతుంటే చిల్లెలా పడింది? ఇదే చాలామందికి అర్థం కానిది. రేకు పైనుంచి కాదు, లోపల్నుంచి తింటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి ఉంటుంది. గాలిలో తేమ ఉంటుంది. రాత్రి చల్లబడితే ఆ తేమ లోపలి గోడలకు చెమటలా పడుతుంది. నీరు పెట్రోలుకంటే బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. ట్యాంకు అంటే రెండు రేకు ముక్కలను అంచుల దగ్గర అతికించిన డబ్బా. ఆ అతుకు దగ్గరే నీరు నిలుస్తుంది. అక్కడే జంగు పుడుతుంది. బండిని నెలల తరబడి సగం ట్యాంకుతో మూల పెట్టిన వాళ్లకే ఈ బెడద ఎక్కువ.

ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. దానికి తేమను పీల్చుకునే గుణం ఉంది. పాత వాహనాల్లో కొన్నింటికి 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. కాబట్టి ఇరవై ఏళ్ల బండి కారితే ముందు చూడాల్సింది చవకైన రబ్బరునే.

ఖాళీ ట్యాంకే అసలు బాంబు

చిల్లు దొరికింది. అతికిస్తే పోలే! అనుకుంటాం. ప్రాణాల మీదికొచ్చేది ఇక్కడే. నిండు ట్యాంకుకంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. ద్రవంగా ఉన్న పెట్రోలు అంటుకోదు, అంటుకునేది దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం వరకు ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలిపోతుంది. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు. ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ రెండూ తయారుగా ఉంటాయి. ఒకసారి కడిగినా తుప్పు పొరల్లో ఇంకిన పెట్రోలు మళ్లీ ఆవిరవుతూనే ఉంటుంది.

గేట్లూ గ్రిల్సూ అతికించే వెల్డింగు షాపుకు ట్యాంకు ఇవ్వొద్దనేది అందుకే. పని తెలిసిన వాళ్లు కాక్, మూత విప్పేస్తారు. వేడినీళ్లు, సబ్బుపొడి వేసి పదేపదే కుదిపి కడుగుతారు. తర్వాత అతికించే చోటు పైకి వచ్చేలా పెట్టి, అక్కడ కొద్ది జాగా తప్ప ట్యాంకంతా నీళ్లు నింపుతారు. అప్పుడు గానీ నిప్పు దగ్గరికి రాదు. సీసం, తగరం కలిసిన టంకం 190 డిగ్రీల లోపే కరుగుతుంది. సూది బెజ్జానికి అది చాలు. ఇత్తడితో బ్రేజింగ్ చేయాలంటే దాదాపు 900 డిగ్రీల వేడి కావాలి. అతుకు దృఢంగా ఉంటుంది, రంగు మాత్రం కాలిపోతుంది.

ట్యాంకుతో ట్యాంక్‌బండ్ మీదుగా...

అక్కడితో అయిపోలేదు. లోపలి జంగు తీయకపోతే ఇవాళ ఒక చిల్లు మూస్తే రేపు దాని పక్కన ఇంకొకటి. నట్లు, చిన్న గొలుసు ముక్కలు వేసి కుదిపితే పెచ్చులు రాలతాయి. మిగిలినదాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లం కరిగిస్తుంది. కడిగి పూర్తిగా ఆరబెట్టి, లోపలంతా పాకేలా పూత పోస్తారు. ఇలాంటి సరుకుల కోసం సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ దాకా వెళ్లేవాళ్లుంటారు. కోఠీ నుంచి బషీర్‌బాగ్, అక్కడి నుంచి హుస్సేన్‌సాగర్ గట్టు. ఆ గట్టు పేరు కూడా ట్యాంక్‌బండే! దాటితే రాణిగంజ్‌లో పనిముట్లు, గొట్టాలు, ఆటో విడిభాగాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి.

ఇంత శ్రమ ఎందుకు, కొత్తది కొనొచ్చుగా? దొరికే బండికైతే అదే మేలు. అతుకంతా తుప్పు తిన్నా, రేకు వేలితో నొక్కితే లోపలికి పోతున్నా ఉస్తాదే వద్దంటాడు. కానీ మైసూరులో 1996లో మూతపడిన ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎజ్డీకి, అదే ఏడాదితో తయారీ ఆగిన ఆర్ఎక్స్ 100కు కంపెనీ ట్యాంకు ఎక్కడ తెస్తారు? నాన్న నడిపిన బండి, పెళ్లయిన కొత్తలో కొన్న బండి అని తెచ్చేవాళ్లకు ఆ రేకు డబ్బా వెల కట్టేది కాదు.

పుత్లీబౌలి దాకా వెళ్లేలోపు ఇంట్లో పాటించాల్సినవి కొన్నున్నాయి. వాసన వస్తే స్టార్ట్ చేయొద్దు. బండిని తోసుకుంటూ ఆరుబయటికి తీసుకెళ్లండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీదే పాకుతుంది. కాబట్టి పొయ్యి, దీపం, సిగరెట్టు దగ్గరుండకూడదు. చిల్లు మీద ఒంటి సబ్బు రుద్దితే కాసేపు ఆగుతుంది. ఎంసీల్ ముద్ద ఇంకొన్నాళ్లు ఆపొచ్చు. రెండూ దారి ఖర్చులే, వైద్యం కాదు.

బాగైన ట్యాంకుకు ఆఖరి పరీక్ష మరీ తేలిక. అర లీటరు పెట్రోలు పోసి, ఆరుబయట నీడన నిన్నటి పేపరు మీద రాత్రంతా ఉంచడం. పొద్దున్నే అక్షరాలు పొడిగా ఉంటే బిగించేయొచ్చు. చిన్న మరక ఉన్నా మళ్లీ విప్పాల్సిందే. ఆ మాట డబ్బు తీసుకునే ముందే చెప్పేవాడే ఉస్తాద్!