మాఘం చలిలో మా దొడ్డి

పలమనేరు మిట్ట మీద ఉండేది మా ఊరు. దిగువన తిరుపతిలో సంక్రాంతి పోగానే చలి పోయిందనుకుంటారు. మాకు శివరాత్రి దాకా తెల్లారుజామున మంచు దిగుతూనే ఉండేది. మా జీవాలు ఈనేది కూడా ఆ చలిలోనే. వానలకు మొలిచిన పచ్చిక తిని శ్రావణంలో చూడి కట్టిన గొర్రె, అయిదు నెలలకు పుష్య మాఘాల్లో ఈనుతుంది.

పగలు మేపు నాయనది, రాత్రి దొడ్డి అవ్వది. లాంతరు పట్టుకొని, పడుకున్న గొర్రెల మధ్య మెల్లగా తిరిగేది. మందకు ఎడంగా నిలబడి కాలితో నేల గీరేది కనిపిస్తే నన్ను లేపేది. “లెయ్ నాయినా, పల్లది ఈనుతుండాది.” మా వైపు తెల్ల గొర్రెను పల్ల అంటారు, కంటి చుట్టూ నల్ల మచ్చలుంటే జోడిపి.

పిల్ల నేల మీద పడగానే ముక్కు మీది జిగట తుడిచి, తల్లి ముందు పెట్టి అవ్వ పక్కకు జరిగేది. మన చెయ్యి వాసన ఎక్కువ తగిలితే తల్లి ఒప్పుకోదని ఆమె భయం. తొలిచూలుది పిల్లను నెట్టేసి పోతే, పిల్ల వీపు మీద ఇంత ఉప్పు చల్లేది. ఉప్పు రుచికి నాకడం మొదలుపెట్టి, నాకుతూ నాకుతూనే అది తల్లయ్యేది. ముర్రుపాలు కడుపులో పడేదాకా అవ్వ అక్కడినుంచి కదిలేది కాదు. గొర్రెపిల్ల పుట్టేటప్పుడు దాని ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి ఉండదు, అది తొలి పాలతోనే వస్తుంది. తిరుపతిలో 1955 నుంచీ ఉన్న పశువైద్య కళాశాలలో చదివిన డాక్టరు ఒకాయన ఈ సంగతి చెప్పినప్పుడు, నాకు అవ్వే గుర్తొచ్చింది.

మేం గొల్లవాళ్ళం. తిరుమలలో సుప్రభాతం వేళ స్వామి బంగారు వాకిలి తీసేది సన్నిధి గొల్ల. “ఆయన ఆడ తలుపు తీసే పొద్దుకు నేనీడ తడిక తీస్తుండా” అనేది అవ్వ. ఆ మాటలో ఎంత గౌరవం ఉందో నాకు చాలా ఏళ్ళకు గానీ అందలేదు.

కనుమ మాకు పశువుల పండగ. నేరేడు చెక్క, మద్ది చెక్క, నల్లేరు, ఉప్పు కలిపి రోట్లో దంచిన ఉప్పుచెక్కను ఎద్దులకూ ఆవులకూ మింగించేవాళ్ళు. మిగిలింది జీవాలకు చిటికెడు చిటికెడు. సాయంత్రం కంప పోగేసిన చిట్లాకుప్పకు మంట పెట్టి, పశువుల్ని కాచే దేవుడు కాటమరాజుకు మొక్కేవాళ్ళు.

బడి నుంచి వచ్చాక నా పని పిల్లల దగ్గర. మంద వెంట నడవలేని పిల్లల్ని గంపల కింద మూసిపెట్టేవాళ్ళం. పొద్దు గూకే వేళ దూరంగా మంద అరుపు వినపడగానే గంపల కింద గోల మొదలయ్యేది. గంపలెత్తితే ఒకటే పరుగు. తల్లి, పిల్ల తోక దగ్గర వాసన చూసి, తనది కాకపోతే తన్ని పంపేది. అన్ని గొంతుల్లో తన పిల్ల గొంతు ఏదో దానికి తెలుసు. తల్లి దొరకని పిల్లను అవ్వ ఎత్తుకొని, పాలెక్కువున్న గొర్రెను పట్టి కుడిపించేది. ఎవరూ కుడపని పిల్ల ఆ చలిలో తెల్లారేసరికి కట్టెగా ఉండేది. ఆ పొద్దు అవ్వ సంగటి ముట్టేది కాదు.

చెనిక్కాయ పెరికేసిన చేలల్లో మంద కట్టడం కూడా ఆ రోజుల్లోనే. రాత్రంతా జీవాలు పడుకున్న మడికి ఎరువు, మాకు రాగులు. అందరూ గింజలే కొలిచేవాళ్ళు. ఒక రైతు మాత్రం పిల్లతల్లుల కోసం వామి చాటున పొడి తావు చూపి, ఇంత చెనక్కట్టె పరిచేవాడు. ఆయన చేలో మాకు ఒక్క పిల్లా చావలేదు.

ఇప్పటికీ మాఘంలో మందలు చేలల్లో దిగుతూనే ఉన్నాయి. మీ చేలో దిగితే, కాపరికి ఇవ్వాల్సిన డబ్బుతో పాటు గాలి తగలని తావు ఒకటి చూపించండి, కింద పరవడానికి రెండు మోపుల చెనక్కట్టె ఇవ్వండి.