దామెర్ల చిత్రశాల నుంచి భోజనాల బంతి దాకా
సెలవునాడు పదిమంది కలిసి రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లినప్పుడు, ఒకరి వేగానికి మరొకరు సర్దుకోవలసి రావడం వల్ల ఏ చిత్రం ముందూ నిలకడగా ఆగే వీలు చాలామందికి దొరకదు. ఇది నిజంగా విచారించదగ్గ విషయం. ఆంగ్లేయ అధ్యాపకుడు కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, 1925లో 28 ఏళ్లయినా నిండకుండానే మశూచితో మరణించిన ఆ చిత్రకారుడి నీటిరంగులు, అంటే కాగితపు తెలుపునే వెలుగుగా నిలుపుకొనే పలుచని పూతలు, దగ్గరగా నిలబడి ఓపికగా చూసినవారికే అందుతాయి. అయితే రాత్రి భోజనానికి అందరూ ఒకచోట చేరినప్పుడు, పప్పు, గోంగూర వడ్డనల నడుమ, 'పుష్పాలంకరణ' అనే చిత్రంలోని స్త్రీల భంగిమలను ఒకరు, రంగుల మెత్తదనాన్ని మరొకరు తలచుకోగా, విడివిడిగా చూసిన తునకలు మళ్లీ ఒక చిత్రమవుతాయి. గోడ ముందు నోరు విప్పని పిల్లలు ప్రశ్నలు మొదలుపెట్టేదీ అప్పుడే.