నిధివేటలో కాలిబాట

ఒకరు దాచిన డబ్బాను మరొకరు జీపీఎస్ సాయంతో వెదకడమే జియోక్యాషింగ్. ఈ ఆట 2000 మే 3న అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో మొదలైంది. నాకిది ఎంతో ప్రీతి. అయితే ఇక్కడి జాతీయ ఉద్యానవనాలలో అనుమతి లేనిదే డబ్బాలు దాచరాదు, నేలను త్రవ్వరాదు. ఎందుకో యూటాలోని ఆర్చెస్ ఉద్యానవనంలో నాకు బోధపడింది.

అక్కడి నల్లని మట్టిపొర సజీవమైనది. అందులోని సూక్ష్మజీవులు, నాచు ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. మన అడుగు పడి నలిగితే, ఆ పొర కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. జీపీఎస్ బాణం ఆ పొర మీదుగానే తిన్నగా దారి చూపింది. మేము మాత్రం కాలిబాట వెంటే చుట్టూ తిరిగి వెళ్ళాము. మేము వెదకినది ఎర్త్‌క్యాష్. దానికి డబ్బా ఉండదు. శిలలను పరిశీలించి ప్రశ్నలకు సమాధానాలు వ్రాయాలి.

మీరూ వేటకు వెళ్ళినప్పుడు ముందుగా అక్కడి నియమాలు తెలుసుకోండి. బాణం ఎటు చూపినా కాలిబాటను విడువకండి.