ఉక్కులోని జౌహరు

స్ఫటికమనే మాట వినగానే మన మనస్సులో పటికబెల్లపు పలుకో, ఉప్పురాయో, ఉంగరంలో పొదిగిన వజ్రమో మెదులుతుంది. ఇనుప మేకు, రాగి చెంబు, అల్యూమినియం గిన్నె కూడా స్ఫటిక పదార్థాలేనంటే ఎవరూ వెంటనే ఒప్పుకోరు. వాటికి కోణాలు లేవు, పలకలు లేవు, పారదర్శకత అసలే లేదు. అయినా ప్రకృతి దృష్టిలో ఉప్పురాయి ఎంత స్ఫటికమో గడ్డపార కూడా అంతే. భౌతికశాస్త్ర విభాగంలో చదువుకుంటున్న మేము ఈ విద్యాసంవత్సరంలో అన్నింటికంటే ఎక్కువగా చర్చించుకున్న విషయమిది. మా తరగతిలో కొందరం తెలుగు మాధ్యమం నుండి, కొందరం ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారం. ఇంగ్లీషు గ్రంథంలోని ఒక్కొక్క పదానికి ఇటు తెలుగులోను, అటు ఉర్దూలోను సమానార్థకం వెదుకుతూ పోగా, ఈ శాస్త్రానికి కావలసిన మాటలు మన రెండు భాషలలోను ఎప్పటినుండో ఉన్నాయని గ్రహించాము. ఆ సంగతులను తోటి విద్యార్థులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లోహంలోని స్ఫటికాలను కంటితో చూడాలంటే గొప్ప పరికరమేదీ అవసరం లేదు. జింకు పూత పూసిన పాత బకెట్టును గాని, పాత రేకును గాని వెలుతురులో అటూ ఇటూ త్రిప్పి చూడండి. దాని మీద వంకరటింకర అంచులతో, ఒకటి తెల్లగా, దాని ప్రక్కది బూడిదరంగుగా మచ్చలు కనిపిస్తాయి. కరిగిన జింకు గడ్డకట్టేటప్పుడు అనేక స్థానాలలో ఒకేసారి పుట్టి, పెరిగి, ఒకదానికొకటి అడ్డు తగిలి ఆగిపోయిన స్ఫటికాలే ఆ మచ్చలు. ఒక్కొక్కదానిలో పరమాణువుల వరుస ఒక్కొక్క దిక్కుకు తిరిగి ఉండటం వల్ల వెలుతురు వేర్వేరుగా ప్రతిఫలిస్తుంది. మిగిలిన లోహాలలోను ఇటువంటి స్ఫటిక రేణువులే ఉన్నాయి. అవి సాధారణంగా సూక్ష్మదర్శినికి మాత్రమే అందేటంత చిన్నవి.

ఆ రేణువుల లోపల పరమాణువులు ఎట్లా అమరి ఉంటాయి? పండ్ల బండి మీద బత్తాయిలను పేర్చే వ్యాపారి ఈ ప్రశ్నకు సగం సమాధానం చెప్పగలడు. మొదటి వరుస పండ్ల మధ్య ఏర్పడిన గుంటలలో రెండవ వరుస పండ్లను కూర్చోబెడతాడు. గోళాలను ఇంతకంటే దగ్గరగా పేర్చడం సాధ్యం కాదని కెప్లర్ 1611లో ఊహించాడు. దానిని థామస్ హేల్స్ అనే గణితవేత్త 1998లో నిరూపించాడు. రాగి, వెండి, బంగారం, అల్యూమినియం పరమాణువులు ఈ విధంగానే కూడుకొని ఉన్నాయి. ఒక్కొక్క పరమాణువుకు 12 మంది పొరుగువారు. స్థలంలో 74 శాతం నిండి ఉంటుంది. దీనిని ఫలక కేంద్రిత ఘన నిర్మాణమంటారు. గది ఉష్ణోగ్రత వద్ద ఇనుము అమరిక వేరు. ఘనం ఎనిమిది మూలలలో ఎనిమిది పరమాణువులు, నడుమ ఒకటి. పొరుగువారు 8 మందే, నిండిన స్థలం 68 శాతమే. ఇది అంతఃకేంద్రిత ఘన నిర్మాణం. ఇటువంటి ఘనాలు ఒక సెంటీమీటరు పొడవులో దాదాపు మూడున్నర కోట్లు బారులు తీరి ఉంటాయి.

కంటికి కనిపించని ఈ అమరికను వెల్లడించినవి ఎక్స్ కిరణాలు. 1912లో జర్మనీలో లావే సూచన ప్రకారం మైలతుత్తం స్ఫటికం గుండా ఈ కిరణాలను పంపగా ఫోటో పలక మీద చుక్కలు పడ్డాయి. ఇంగ్లండులో బ్రాగ్ తండ్రీకొడుకులు ఆ చుక్కలను చదివే పద్ధతిని కనిపెట్టారు. 1915లో నోబెల్ బహుమతి అందుకున్ననాటికి కుమారుని వయస్సు 25 సంవత్సరాలు మాత్రమే. దాదాపు మా వయస్సువాడే అన్న సంగతి మమ్మల్ని ఎంతగానో ఉత్సాహపరచింది.

అయితే పరమాణువుల బారులు ఏ లోపమూ లేకుండా ఉంటే లోహం మనకు ఉపయోగపడేదే కాదు. లెక్క ప్రకారం లోపంలేని స్ఫటికాన్ని వంచాలంటే, వాస్తవంగా లోహాలకు కావలసిన బలం కంటే ఎన్నో వందల రెట్ల బలం కావాలి. ఈ వ్యత్యాసానికి కారణాన్ని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు విడివిడిగా వివరించారు. సభామందిరంలో పరచిన పెద్ద జంపఖానాను ఒక్కసారిగా లాగితే కదలదు. ఒక అంచున ముడత కల్పించి, ఆ ముడతను రెండవ అంచు వరకు నెట్టుకుంటూ పోతే సులభంగా జరుగుతుంది. స్ఫటికంలో అర్ధాంతరంగా ఆగిపోయిన పరమాణువుల వరుస అటువంటి ముడత. అది జరుగుతున్నందువల్లనే తీగ సాగుతున్నది, రేకు వంగుతున్నది. మెత్తని రాగితీగను పదిసార్లు అటూ ఇటూ వంచి చూస్తే అది క్రమంగా గట్టిపడటం తెలుస్తుంది. ముడతలు పెరిగి, చిక్కుపడి, ఒకదాని దారికి మరొకటి అడ్డం రావడమే దానికి కారణం. ఎర్రగా కాచి చల్లారనిస్తే చిక్కు విడి మళ్ళీ మెత్తబడుతుంది.

లోహాలన్నింటిలోను ఇనుముది విచిత్రమైన స్వభావం. 912 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అది తన అమరికను మార్చుకొని రాగివలె ఫలక కేంద్రిత నిర్మాణాన్ని పొందుతుంది. ఈ మార్పును మేము ప్రయోగశాలలో కన్నులారా చూశాము. రెండు స్టాండుల మధ్య సన్నని ఇనుప తీగను కట్టి, విద్యుత్తు పంపి ఎర్రగా కాల్చాము. వేడికి తీగ సాగి నడుమ క్రిందికి దిగింది. విద్యుత్తును ఆపగానే పైకి బిగుసుకోసాగింది. అంతలో ఒక్క క్షణం మళ్ళీ క్రిందికి జారి, తరువాత బిగుసుకున్నది. చల్లారుతున్న వస్తువు సంకోచించవలసింది పోయి వ్యాకోచించడమేమిటి? తీగలోని అసంఖ్యాక పరమాణువులు ఆ క్షణంలో దగ్గరి కూర్పును విడిచి వదులు కూర్పులోకి మారాయి. గ్రంథంలో ఒక వాక్యంగా చదివినది కళ్ళ ఎదుట కదిలినప్పుడు తరగతిలో ఎవరికీ నోట మాట రాలేదు.

ఈ మార్పే ఉక్కు రహస్యం. దగ్గరి కూర్పులో ఖాళీలు తక్కువైనా ఒక్కొక్క ఖాళీ పెద్దది. అందువల్ల అందులో కర్బనం రెండు శాతం వరకు ఇముడుతుంది. చల్లని ఇనుములో రెండు వందల వంతు శాతం కూడా ఇమడదు. ఎర్రని ఉక్కును హఠాత్తుగా నీటిలో ముంచితే కర్బనానికి బయటపడే వ్యవధి ఉండదు. అది లోపలే చిక్కుకొని ఘనాన్ని ఒక వైపుకు సాగదీస్తుంది. ఆ ఉక్కు మిక్కిలి కఠినం, కాని పెళుసు. దానిని మళ్ళీ కొద్దిగా కాస్తే పెళుసుదనం తగ్గుతుంది.

మాలో ఒకరి తాతగారు జీవితమంతా కొలిమి నడిపినవారు. ఆయన కొడవలికి పదును పెట్టే పద్ధతిని చూడటానికి వెళ్ళినప్పుడు ఒక ఉర్దూ మిత్రుడు, "తాతా, థర్మామీటరు లేకుండా వేడి ఎంతైందో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగాడు. "రంగు జూసుడే బిడ్డా. ఎండల కొలిమి పెడితె రంగు అవుపడదు. అందుకే కొలిమి నీడల ఉంటది" అన్నారాయన. మోదుగు పువ్వు రంగు రాగానే నీళ్ళలో ముంచి, మళ్ళీ సన్నని సెగ మీద ఎండుగడ్డి రంగు వచ్చే వరకు కాచి తీశారు. మేము అంకెలతో వ్రాసుకున్న పాఠాన్నే ఆయన రంగులతో చదివారు.

తెలంగాణకు ఈ విద్యలో ఘనమైన చరిత్ర ఉన్నది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసలలో కర్బనంతో కలిపి కరిగించి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు ముద్దలు తయారుచేసేవారు. పదిహేడవ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే గోలకొండ రాజ్యపు ఉక్కును ప్రశంసించాడు. పారశీక వర్తకులు ఈ గ్రామానికే వచ్చి ఉక్కు కొనుక్కుపోయేవారని వాయిసీ వ్రాసిన వివరణ 1832లో ప్రకటితమైంది. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1820 ప్రాంతంలో భారతీయ ఉక్కును పరీక్షించి, దాని రహస్యాన్ని ఛేదించ ప్రయత్నించాడు. ఈ రకపు ఉక్కుతో చేసిన డమాస్కస్ ఖడ్గాల మీద నీటి అలలవంటి చారలు ఉండేవి. మరీ తెల్లగా కాచక, మితమైన వేడిలో పలుమార్లు సాగగొట్టడం వల్ల ఇనుము, కర్బనం కలిసిన కఠిన కణాలు వరుసలు తీరాయని, వనేడియం వంటి మూలకాల లేశమాత్రపు ఉనికి అందుకు తోడ్పడిందని 1990లలో అమెరికాలో వెర్‌హోవెన్, పెండ్రే జరిపిన ప్రయోగాలు తెలిపాయి.

ఖడ్గం మీది ఆ అలలకు ఉర్దూలో జౌహరు అని పేరు. రత్నమూ జౌహరే, వస్తువు సారమూ జౌహరే, మనిషిలోని ప్రతిభా జౌహరే. అంతేకాదు, పరమాణు శక్తిని ఉర్దూలో జౌహరీ తవానాయీ అంటారు. పరమాణువును, పరమాణువుల అమరిక వల్ల పైకి తేలిన అందాన్ని ఒకే మాటలో ఇమిడ్చిన భాష అది. ఇక తెలుగులో పదును అంటే కత్తి అంచు వాడి ఒక్కటే కాదు. వాన కురిసిన తరువాత దున్నడానికి అనువైన నేల తడి కూడా పదునే. సమయం మించితే నేలకైనా, ఉక్కుకైనా పదును తప్పుతుంది. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టుకుంటే లోహశాస్త్రంలో సగం అర్థమవుతుంది.

అయితే పంతొమ్మిదవ శతాబ్దంలో చౌకైన విదేశీ ఉక్కు వచ్చి, ఖడ్గాలకు గిరాకీ పోయి కోనసముద్రం మూసలు చల్లారాయి. చేతికి తెలిసిన విద్య అక్షరానికి ఎక్కలేదు. చేతులతోపాటే అంతరించింది. నేడు మన ఎదుట ఉన్నది దీనికి తారుమారైన ప్రమాదం. నిర్వచనాలు కంఠస్థమవుతున్నాయి, కాని వాటి వెనుక వేడి లేదు, రంగు లేదు, స్పర్శ లేదు. ఆ విధంగా నేర్చినది కూడా పరీక్షలతోపాటే అంతరిస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో ఏర్పడిన అనువాద విభాగం ఉర్దూలోను, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగులోను శాస్త్ర పదాలను సమకూర్చిపెట్టాయి. మాటల కొరత మనకు లేదు. ఆ మాటను వస్తువు వద్దకు తీసుకుపోవడమే మిగిలి ఉన్నది.

కనుక కళాశాల పాలకవర్గం వారికి మేము సవినయంగా విన్నవించేది ఒక్కటే. లోహాలను పరీక్షించే సూక్ష్మదర్శిని ఒకటి మన ప్రయోగశాలకు సమకూర్చి, సంవత్సరానికి ఒకసారైనా విద్యార్థులను కోనసముద్రం తీసుకువెళ్ళే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. తోటి విద్యార్థులకు మా మనవి మరొకటి. మీ ఊరిలో ఇంకా కొలిమి వెలుగుతున్నట్లయితే ఈ సెలవులలో అక్కడికి వెళ్ళండి. మీ ఇంటి భాషలోనే ప్రశ్నలు అడగండి. విన్నది విన్నట్లు వ్రాసి తీసుకురండి. వచ్చే సంవత్సరపు సంచికకు అంతకంటే విలువైన వ్యాసం ఉండదు.